పదకొండు రోజులు ఎవరి ఖాతాలో రాయాలి?

ఆమధ్య హైదరాబాద్‌లో ఒక సదస్సుకి వెళ్ళాను. సాఫ్ట్‌వేర్ రంగంలో స్త్రీలు అన్నది అంశం. భోజనాల దగ్గర ఒక పరిశోధక విద్యార్థిని నన్ను పక్కకి పిలిచి ప్రశ్నలడిగింది. నైట్ షిఫ్టుల గురించి, క్యాబ్‌లో భద్రత గురించి, వేధింపుల మీద ఫిర్యాదుల కమిటీ గురించి, పిల్లాణ్ణి అత్తగారు చూసుకుంటారా అనీ అడిగింది. అన్నిటికీ చెప్పాను. చివర్న "ఉద్యోగంలో మిమ్మల్ని బాగా ఏడిపించిన విషయం ఏదండీ?" అంది. "పదకొండు రోజుల పాటు నా కోడ్ ఎడిటర్ పనిచెయ్యకపోవడం" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "అది టెక్నికల్ కదండీ" అని నోటు పుస్తకం మూసేసింది.

మూసేసిన ఆ పుస్తకం గురించే ఈ నాలుగు మాటలు. ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. ఆమెకి ఆ ప్రశ్నావళి తయారుచేసి ఇచ్చింది మనమే. ఇన్నేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఆఫీసు చుట్టూ తిరిగి దాని క్యాబ్ గురించి, క్యాంటీన్ గురించి, క్రెష్ గురించి రాశాం. రాయాల్సిందే. కానీ లోపల సీట్లో కూర్చుని ఆడవాళ్ళు ఏం పని చేస్తున్నారు అనే దగ్గరికి వచ్చేసరికి అది టెక్నికల్, దానికి లింగభేదం లేదు అని గుమ్మంలోనే ఆగిపోయాం. వంట గురించి, పురుడు గురించి అలా ఆగిపోలేదే! వ్యక్తిగతం కూడా రాజకీయమే అని ఎలుగెత్తి చెప్పినవాళ్ళం, సాంకేతికాన్ని మాత్రం ఎవరికి రాసిచ్చేశాం?

సరే, ముందు ఆ పని ఏమిటో చెప్పాలి. మీలో చాలామంది పుస్తకాలు అచ్చు వేయించుకున్నవాళ్ళే కాబట్టి ప్రెస్సు భాషలో చెప్తాను. (వంటింటి పోలిక ఇంకా సులువు. కానీ ఇక్కడా వంటిల్లేనా అని నాకే విసుగు.) మేం రాసేది సి ప్లస్ ప్లస్ అనే భాషలో. కొన్ని వేల ఫైళ్ళు. ఒక్కో ఫైలూ ఒక అధ్యాయం అనుకోండి. వీటన్నిటినీ ఒక క్రమంలో కలిపి నడిచే ప్రోగ్రాముగా తయారుచేసేది బిల్డ్ సిస్టమ్. అది ప్రెస్సు ఫోర్‌మన్ లాంటిది. ఏ అధ్యాయం ఏ కాగితం మీద, ఏ టైపుతో, దేని తర్వాత ఏది అచ్చవ్వాలో దానికే తెలుసు. కోడ్ ఎడిటర్ అంటే మనం రాసుకునే బల్ల. ఉత్త బల్ల కాదు, పక్కన ప్రూఫ్ రీడర్ కూడా ఉంటుంది. ఒక పేరు మీద నొక్కితే ఆ పేరు మొదట ఎక్కడ పుట్టిందో ఆ పేజీ తెరిచి చూపిస్తుంది. తప్పు రాస్తే కింద ఎర్ర గీత గీస్తుంది. వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్ వెనకాల మా భాషకి ఈ చాకిరీ చేసే ప్రోగ్రామ్ పేరు క్లాంగ్‌డి. ఈ రెండూ మాట్లాడుకోవడానికి ఒక ఉమ్మడి భాషని 2016లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టింది. అంతకు ముందు ఒక్కో ఎడిటర్‌కీ ఒక్కో భాషకీ విడివిడిగా సంబంధం కలపాల్సి వచ్చేది.

చిక్కంతా ఎక్కడుందంటే, ఈ ప్రూఫ్ రీడర్‌కి ఆ ఫోర్‌మన్‌తో పరిచయం లేదు. ఏ ఫైలుని ఏ ఆదేశంతో కంపైల్ చేస్తారో ఒక జాబితా రాసి దాని చేతిలో పెట్టాలి. ఆ జాబితా లేకపోతే అది ఊహించుకుంటుంది. ఊహ తప్పితే ప్రతి వాక్యం కిందా ఎర్ర గీతే. సీమేక్‌తో కట్టిన ప్రాజెక్టయితే చాలాసార్లు ఒక్క ఆప్షన్ పెడితే జాబితా వచ్చేస్తుంది. మాది అలాంటిది కాదు. పాత మేక్ ఫైళ్ళ మీద పదేళ్ళపాటు ఎవరికి తోచిన స్క్రిప్టు వాళ్ళు అంటుకట్టిన మర్రిచెట్టు.

2017లో సవరించిన చట్టం ఇచ్చిన ఇరవయ్యారు వారాల ప్రసూతి సెలవు, దాని మీద జీతం లేని సెలవు, అన్నీ అయి పద్నాలుగు నెలల తర్వాత ఆఫీసుకి వెళ్ళాను. కొత్త లాప్‌టాప్ ఇచ్చారు. నేను లేని రోజుల్లో బిల్డ్ మొత్తాన్ని కంటైనర్‌లోకి మార్చారు. అంటే మిషన్ లోపల ఇంకో మిషన్‌లాంటి గదిలో అది నడుస్తుంది. నేను స్వయంగా రాసిన ఫైలే తెరిచాను. మొదటి వరుస నుంచి చివరిదాకా ఎర్ర గీతలు. నా చేతిరాత నాకే తప్పులతడకలా కనిపించింది.

జాబితా తయారుచెయ్యాలని బేర్ అనే పనిముట్టు పెట్టాను. బిల్డ్ జరుగుతుంటే అది పక్కనుండి ఏ ఫైలుని ఎలా కంపైల్ చేశారో రాసుకుంటుంది. ఖాళీ జాబితా ఇచ్చింది. ఎందుకో తెలియడానికి ఒక రోజు పట్టింది. ఇంతకుముందే కట్టేసి ఉన్నవాటిని బిల్డ్ మళ్ళీ ముట్టుకోదు, ముట్టుకోనివి దీనికి తెలియవు. అంతా చెరిపేసి మొదట్నించీ కట్టాలి. కట్టాను, నాలుగు గంటలు. ఈసారి జాబితా నిండుగా వచ్చింది కానీ అందులో చిరునామాలన్నీ కంటైనర్ లోపలివి. నా ఎడిటర్ ఉన్నది బయట. లోపలి ఇంటి నంబర్లు పట్టుకుని బయటి వీధిలో వెతికినట్టు. అది సరిచేస్తే, మేం వాడే కంపైలర్ వేరే రకం చిప్ కోసం తయారుచేసింది కాబట్టి దాని సొంత ఫైళ్ళు ఎక్కడుంటాయో క్లాంగ్‌డికి తెలియలేదు. ఆ కంపైలర్‌ని అడిగి తెలుసుకోవచ్చు, కానీ ముక్కూ మొహం తెలియని ప్రోగ్రాముని నడపడం ప్రమాదం కనక, మనం పేరు పెట్టి అనుమతిస్తే తప్ప అడగదు. అది తెలుసుకోవడానికి ఇంకో రెండు రోజులు. ఆఖరిది పదసూచిక లాంటిది. పేజీలు కూర్చితే కానీ పదసూచిక తయారవదు కదా, అలాగే కొన్ని ఫైళ్ళు బిల్డ్ సగంలో పుడతాయి. అవి పుట్టకముందే ఎడిటర్ వాటి కోసం వెతికి, లేవని గోల పెడుతుంది.

ఒక్కోదానికీ విరుగుడు ఉంది. ఒక్కో విరుగుడూ ఒక్క వాక్యం. ఫలానా సౌకర్యం ఉందని క్లాంగ్‌డి పత్రాల్లో దొరుకుతుంది. మా ప్రాజెక్టులో ఆ గూటికి దారి ఏది, ఆ కంపైలర్ ఏ పేరుతో ఉంది, ఏ భాగాన్ని ముందు కట్టాలి అన్నది మాత్రం ఎక్కడా రాసి లేదు. నలుగురు మగవాళ్ళ నోట్లో ఉంది. సాయంత్రం నాలుగింటికి కింద టీ బండి దగ్గర సిగరెట్ కాలుస్తూ ఆ నలుగురూ ఆ వాక్యాలు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ టైముకి నేను పంపు పట్టుకుని మదర్స్ రూమ్‌లో ఉండేదాన్ని.

'మగవాళ్ళకీ ఇదే కష్టం కదా, ఇందులో పితృస్వామ్యం ఎక్కడుంది?' అని అడిగేవాళ్ళున్నారు. కష్టం ఇద్దరికీ ఉంది, ఒప్పుకుంటాను. ఎవరు ఎన్నిసార్లు అడగగలరు, అడిగితే దాన్ని ఏమని లెక్కేస్తారు అన్న దగ్గర తేడా ఉంది. కొత్తగా చేరిన కుర్రాడు మూడుసార్లు అడిగితే 'వీడికి ఆసక్తి ఎక్కువ' అన్నారు. నేను రెండోసారి అడిగితే 'గ్యాప్ వచ్చింది కదా, టచ్ పోయింది' అన్నారు. మూడోసారి నేను అడగలేదు. పదకొండు రోజుల్లో ఎక్కువ భాగం ఆ అడగకపోవడంలోనే పోయింది.

మా లీడ్ ఆడమనిషే. పదేళ్ళ సీనియర్. ఆవిడ దగ్గరికి వెళ్తే, "నేను చేరినప్పుడు నాకెవరు చెప్పారమ్మా? రెండు వారాలు పడ్డాను. పడితేనే వస్తుంది" అంది. 'మేం పడలేదా' అనే ఈ మాట మనకి కొత్తదా? గాడిపొయ్యి ముందు కూర్చోబెట్టిన అత్తగారిదే కదా! పడ్డ కష్టాన్ని అర్హతగా మార్చుకుంటే తప్ప దానికి వేరే విలువ దొరకని చోట ఆడవాళ్ళు కూడా అదే మాట అంటారు. ఆవిణ్ణి తప్పుపట్టడం నాకు సులువు కాదు. కానీ ఆ మాటని వదిలిపెట్టడం కూడా సాధ్యం కాదు.

నిర్మాణం లేదు అని చెప్పుకునే గుంపుల్లో స్నేహాల మీద ఆధారపడ్డ చాటు నాయకత్వం ఎలా పుడుతుందో జో ఫ్రీమన్ 1970ల మొదట్లోనే స్త్రీ విముక్తి బృందాలను చూసి రాసింది. రాసిన నియమం ఉంటే దాన్ని ప్రశ్నించవచ్చు. రాయని నియమం తెలిసినవాళ్ళ జేబులోనే ఉంటుంది. ఆ వ్యాసాన్ని మనం మన సంఘాల గురించే చదువుకున్నాం. మా బిల్డ్ గురించి కూడా చదవచ్చు.

ఇక్కడ ఒక కథ చెప్పాలి. మా మర్రిచెట్టుకి మొదలు 'మేక్' అన్నాను కదా, దాన్ని 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. ఎందుకు రాశాడో ఆయనే చెప్పాడు. స్టీవ్ జాన్సన్ అనే సహోద్యోగి ఒక ఉదయమంతా ప్రోగ్రాములో తప్పు వెతుక్కున్నాడట. తీరా చూస్తే ఆ తప్పు ముందే దిద్దేశాడు, దిద్దిన ఫైలుని మళ్ళీ కంపైల్ చెయ్యలేదు, అంతే. విధిని తిట్టుకుంటూ ఫెల్డ్‌మన్ గదిలోకి వచ్చాడు. అందులోంచి మేక్ పుట్టింది. 2003లో ఫెల్డ్‌మన్‌కి ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారం వచ్చింది. గొప్ప పనిముట్టే, నేను రోజూ వాడతాను. అయినా ఒక మాట అడక్కుండా ఉండలేను. ఒక మగవాడి ఉదయం వృథా అయితే అది పనిముట్టు లోపంగా కనపడింది. నా పదకొండు రోజులు వృథా అయితే అది నా లోపంగా కనపడింది. ఆ ఏడాది రేటింగులో 'వేగం తగ్గింది' అని రాశారు. మేనేజర్‌ని అడిగితే, "ఎడిటర్ సెటప్ పనేంటండీ, పనికి ముందుది కదా" అన్నాడు. పనికి ముందుది! మగవాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆఫీసుకి బయల్దేరేదాకా ఇంట్లో జరిగేదంతా పనికి ముందుదేగా?

ఆ తర్వాత మా వాడు నిద్రపోయాక కూర్చుని తొమ్మిది పేజీల నోట్సు, ఒక స్క్రిప్టు రాశాను. నడిపితే జాబితా తయారవుతుంది, చిరునామాలు మారతాయి, పుట్టాల్సిన ఫైళ్ళు ముందు పుడతాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు వారాల పని ఒక్క పూటలో అయిపోతోంది. అదే ఏడాది ఒక కుర్రాడు బిల్డ్ సమయాన్ని ఇరవై నిమిషాలు తగ్గించాడు. అది 'సాధించినవి' అనే గడిలో ఎక్కింది. నాది 'స్వభావం' అనే గడిలో, సాయపడే మనిషి అని. చేసింది ఇద్దరం పనే. అతనిది నైపుణ్యం అయింది, నాది గుణం అయింది. గుణానికి జీతం పెంచరు కదా.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది, ఈ సెటప్పులన్నీ అదే చూసుకుంటుంది అంటున్నారు. నేనూ అడిగి చూశాను. లోకమంతా రాసి పెట్టుకున్నది చక్కగా చెప్పింది. మా టీ బండి దగ్గర చెప్పుకున్నది చెప్పలేకపోయింది. ఎవరూ రాయనిదాన్ని అది మాత్రం ఎక్కణ్ణించి తెస్తుంది? మా ప్రాజెక్టు గురించి అది సరిగ్గా చెప్పింది, నా తొమ్మిది పేజీలు దాని ముందు పెట్టాకే.

పోయిన శుక్రవారం కంపైలర్ కొత్త వెర్షన్‌కి మారింది. నా స్క్రిప్టు మళ్ళీ పాడైంది. అందరి తెరల మీదా ఎర్ర గీతలు. గ్రూపులో అందరూ నా పేరే రాశారు, చివర చేతులు జోడించిన బొమ్మ పెట్టి. ఈసారి నేను దిద్దలేదు. టికెట్ వేశాను. ఇది ఎన్ని రోజుల పనో రాసి, వంతులవారీగా ఎవరు చూడాలో పేర్లు పెట్టాలని అడిగాను. ఐదు రోజులైంది. టికెట్ ఎవరూ తీసుకోలేదు. లీడ్ మాత్రం ఒకసారి నా సీటు దగ్గర ఆగి, "నువ్వు చేసేస్తే గంట పని కదమ్మా" అంది. గంట పనే. ఆ గంట ఎవరి ఖాతాలోదో తేలాలి కదా.

ఇంటి చాకిరీ మానేస్తే ముందు ఆకలితో ఏడ్చేది మొగుడు కాదు, పిల్లలు. ఇక్కడా అంతే. ఆ నలుగురికీ కోడు కంఠస్థం, ఎడిటర్ లేకపోయినా వాళ్ళకి నడుస్తుంది. సోమవారం ఒక అమ్మాయి కొత్తగా చేరింది. నిన్న మధ్యాహ్నం లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నా దగ్గరికి వచ్చి, "మేడం, నేనేమన్నా తప్పు చేశానా, అంతా ఎర్రగా వస్తోంది" అంది. టికెట్ నంబరు చెప్పి, నీ పేరు కూడా అందులో రాయి, ఎన్ని రోజులు పోయాయో రాయి అన్నాను. తర్వాత పక్క కుర్చీ లాగాను.