ఆటల ముడి విడుచున్నది



2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన మైక్రోసాఫ్టు కంపెనీవారు విండోస్ 10 అను తమ తంత్రమునకు సాధారణ సంరక్షణమును నిలిపివేసిరి. కోరి నమోదు చేసికొన్న గృహస్థులకు మాత్రము 2026 అక్టోబరు వరకు మఱియొక యేడు గడువిచ్చిరి. ఇది యెక్కడనో పెద్ద పట్టణములవారి గొడవ యని మనము తలపరాదు. కర్నూలులోను కడపలోను సామాన్య గృహములలో, పెద్దపిల్లల కాలేజీ చదువునకని యేడెనిమిది యేండ్ల క్రిందట కొన్న కంప్యూటర్లు లేకపోలేదు. 2018కి ముందటి యంత్రములలో ననేకములకు విండోస్ 11 ను ఆ కంపెనీవారు అనుమతింపరు. యంత్రము చెడలేదు, మీటలు పనిచేయుచున్నవి, తెర వెలుగుచున్నది. దొంగలు చొరకుండ తలుపునకు వేసిన గడియను బాగుచేయువారు మాత్రము ఇక రారు. శనగకో వేరుసెనగకో మంచి ధర పలికిన యేట కొన్న వస్తువునకు బదులుగా, వాన మొగము చాటుచేసిన యేట మరల నలుబది యేబది వేలు వెచ్చించుట యెట్లు?

ఈ ప్రశ్నకు మంచి సమాధాన మొకటి కలదు. దాని పేరు లినక్సు. అది మన యిండ్లలో అడుగుపెట్టకుండ ఇన్నాళ్లు అడ్డుపడిన కారణములలో ముఖ్యమైనది పిల్లల ఆటలు. ఆ సంగతియే ఈ మాసమున ముచ్చటింతము.

ఆపరేటింగ్ సిస్టము అనగా నేమి? వంటయింట పొయ్యి, నీరు, సరకులు అన్నియు నున్నను, ఏది యెప్పుడు దేనికి వాడవలెనో చూచుకొను గృహిణి లేనిచో పూటకు సంగటి ఉడకదు. కంప్యూటరులో ఆ పనిని చేయునదే యీ తంత్రము. విండోస్ ఒక కంపెనీ సొత్తు. దాని లోపలి వ్రాత రహస్యము. లినక్సు అట్టిది కాదు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను నాయన, అందరును స్వేచ్ఛగా వాడుకొనదగిన తంత్రము నొకదానిని నిర్మింతునని ప్రకటించెను. దానికి గ్నూ అని పేరు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను వ్రాసిన కేంద్రభాగమును లోకమునకు విడిచెను. ఈ రెండును కలిసి యేర్పడిన తంత్రమును ఎవరైనను ఉచితముగ తెచ్చుకొనవచ్చును, చదువవచ్చును, దిద్దవచ్చును, పొరుగువారికి పంచవచ్చును. ఉబుంటు, లినక్సు మింట్ మున్నగునవి దాని రూపములే. మన చేతి ఆండ్రాయిడ్ ఫోనులోని కేంద్రభాగము కూడ లినక్సే.

కడపవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో బ్రౌను దొర కడపలో ఉద్యోగము చేయుచు, తన సొమ్ముతో పండితులను నియమించి, పలుచోట్ల నున్న ప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఒక యింటి పెట్టెలో దాగిన తాటాకు ప్రతిలోని తప్పును దిద్దువారుండరు. చెదలు పట్టినను తెలియదు. పదిమంది కన్నులు పడిన ప్రతియే నిలుచును. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ధర్మము కూడ నిదియే. బ్రౌను పేర కడపలో వెలసిన గ్రంథాలయము నేడు యోగి వేమన విశ్వవిద్యాలయము క్రింద భాషా పరిశోధన కేంద్రముగ నున్నది. ఆ వేమన పేరును పోతన పేరును పెట్టి తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు కంప్యూటరుకొఱకు రూపొందించిన తెలుగు అక్షరములు లినక్సులో ఉచితముగ లభించుచున్నవి. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ అను సంస్థవారు తంత్రమును తెలుగులోనికి తెచ్చుటకు కృషిచేసి, బడిపిల్లలకొఱకు ‘బాల స్వేచ్ఛ’ అను రూపమును గూడ సిద్ధపఱచిరి. పొరుగున కేరళ ప్రభుత్వ పాఠశాలలలో లినక్సు చాల యేండ్లుగా వాడుకలో నున్నది.

ఇంత మేలైనదానిని ఇండ్లలో నేల చేరదీయలేదు? ఆటలు తయారుచేయు కంపెనీలు ‘లినక్సు వాడువారు కొద్దిమంది, వారికొఱకు శ్రమపడనేల?’ యనిరి. యువకులు ‘ఆటలు లేని తంత్రము మాకేల?’ యనిరి. పిచ్చి కుదిరినగాని పెండ్లి కుదరదు, పెండ్లి కుదిరినగాని పిచ్చి కుదరదు అన్నట్లు చాల కాలము గడచెను.

ఈ ముడిని విప్పినవాడు దుబాసీ. పూర్వము దొరల కచ్చేరీలలో రైతు తెలుగున చెప్పుకొన్న మొఱను ఇంగ్లీషున దొరకు వినిపించు దుబాసీ యుండెడివాడు. 1993లో మొదలైన వైన్ అను సాధనము అట్టిదే. ‘ఈ బొమ్మ గీయుము, ఈ ధ్వని పలికింపుము’ అని ఆట విండోస్ భాషలో అడుగగా, అది లినక్సునకు తెలిసిన మాటలలో చెప్పి పని జరిపించును. స్టీమ్ అను ఆటల అంగడిని నడపు వాల్వ్ కంపెనీవారు 2013లో తమ అంగడిని లినక్సుపై తెరచిరి. 2018 ఆగస్టులో వైన్‌ను మెఱుగుపఱచి ప్రోటాన్ అను పేర ఆ అంగడిలోనే చేర్చిరి. 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ అను చేతి ఆటయంత్రమును లినక్సుతోనే విడుదల చేసిరి. తమ యంత్రము అమ్ముడు పోవలెనన్నచో దానిపై ఆటలు నడువవలెను గదా! ఆ కంపెనీ లాభాపేక్ష మన బీద గృహములకు గూడ అక్కఱకు వచ్చినది. వేలకొలది విండోస్ ఆటలు నేడు మార్పేమియు లేకయే లినక్సుపై నడచుచున్నవి. పదేండ్ల క్రిందట స్టీమ్ వాడుకరులలో నూటికి సుమారొక్కరు లినక్సువారు. 2025 అక్టోబరు నాటికి ముగ్గురైరి. స్వల్పమే యైనను, మొలక భూమిని చీల్చుకొని వచ్చినది.

అయితే ముడి పూర్తిగ విడలేదు. ఆ మాట దాచరాదు. దూరదేశములవారితో పోటీపడి యాడు కొన్ని ఆటలలో, మోసము చేయువారిని పట్టుటకై కాపలా తంత్రము నొకదానిని పెట్టుదురు. అది విండోస్ గర్భాలయము వఱకు పోయి కూర్చుండును. లినక్సుపై అట్టి కాపలాకు దాని యజమానులు అంగీకరింపరు. అందుచేత వాలరెంట్, ఫోర్ట్‌నైట్ వంటివి లినక్సుపై ఆడవు. అంతకుముందు ఆడుచుండిన ఎపెక్స్ లెజెండ్స్ గూడ 2024లో తలుపు మూసికొనెను. కావున ‘అన్ని ఆటలును ఆడును’ అని యెవరైన జెప్పిన నమ్మకుడు. ‘ఏదియు ఆడదు’ అని కొడుకు చెప్పినను నమ్మకుడు.

చిన్నపిల్లలకు ఈ చిక్కే లేదు. మన పల్లెలలో బండమీద పులిజూదపు గీతలు గీసికొని ఆడుట మీ రెఱుగుదురు. ఆ యాటకు యజమాని లేడు. నాలుగు గులకరాళ్లున్న చాలును. వామనగుంటలు, అష్టాచెమ్మ గూడ నట్టివే. లినక్సులో అట్టి యజమాని లేని ఆటలు పెక్కు కలవు. 2000 సంవత్సరమున పుట్టిన జీకాంప్రీ అనుదానిలో అక్షరములు, లెక్కలు, బొమ్మలు మొదలగు నూటికి పైగా ఆటపాఠములున్నవి. ‘నాకు అర్థమైనది’ యను ఫ్రెంచి మాటను బట్టి దాని పేరు వచ్చినది. కూడికలు తీసివేతలు నేర్పు టక్స్ మ్యాథ్, బండ్ల పందెమైన సూపర్ టక్స్ కార్ట్ గూడ నున్నవి. ఇవి నడుమ ప్రకటనలు చూపవు, డబ్బడుగవు.

ఇక అసలు సంగతి. చాల యిండ్లలో కంప్యూటరు పేరునకు అందరిది, వాడుకకు కొడుకుది. ఆడపిల్ల పరీక్షకు చదువుకొనవలెనన్న అన్న ఆట ముగియువఱకు కాచుకొనవలెను. ‘లినక్సు వేసిన నా ఆటలు పోవును’ అని కుఱ్ఱవాడన్న యొక్క మాటతో ఇంటి ఆలోచన యాగిపోవును. పిదప యంత్రము రక్షణలేక మూలపడుటయో, కూతురి హాస్టలునకని దాచిన సొమ్ము క్రొత్త యంత్రమునకు పోవుటయో జరుగును. ఇడుపులపాయలో 2008లో నెలకొనిన ట్రిపుల్ ఐటీలో పదవ తరగతి మార్కులతో పల్లె బాలికలు చేరుచున్నారు. కర్నూలులో 2015 నుండి కేంద్రప్రభుత్వపు ట్రిపుల్ ఐటీ నడచుచున్నది. ప్రపంచమున అత్యంత వేగము గల అయిదువందల కంప్యూటర్లును 2017 నుండి లినక్సుతోనే నడచుచున్నవి. అట్టి విద్యకు పోదలచిన బాలిక చేయి ఇంటనే దానికి అలవాటుపడుట చిన్న మేలా?

కావున ఇట్లు చేయుడు. మొదట ఫోటోలు, పత్రములు వేఱొక పెన్‌డ్రైవులో దాచుడు. కొడుకు నిజముగ నాడు ఆటల పేర్లు కాగితముమీద వ్రాయించి, ప్రోటాన్ డీబీ అను చోట ఒక్కొక్కటి ఆడునో ఆడదో చూడుడు. డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలు 2025 చట్టముచేత నిషిద్ధములు గనుక అవి ఆ పట్టికలో నుండరాదు. తరువాత లినక్సు మింటును వేఱొక పెన్‌డ్రైవులో ఎక్కించి, యంత్రములోని దేనిని చెఱపకయే దానినుండి నడిపి, వైఫై, ధ్వని, ముద్రణయంత్రము పనిచేయునో లేదో పరీక్షింపుడు. అన్నియు సరిపోయిన పిమ్మటనే లోపల స్థాపింపుడు. ఆడని ఆట యొకటి రెండు మిగిలినచో దాని కెంత విలువ యీయవలెనో యింటిల్లిపాదియు కూర్చుండి తేల్చుకొనుడు.

బియ్యములో రాళ్లేరుటకు పనికివచ్చిన మన కన్నులు ఈ పట్టికను చూచుటకును పనికివచ్చును. ఇంటిలోని యే యంత్రము గుఱించియైనను ‘అది మగపిల్లలకే తెలియును’ అను మాటను మాత్రము ఇకమీద గడప దాటి లోనికి రానీయకుడు.