సముద్రానికి వెళ్తూ మాత్రల జాబితా అడిగేవారికి

డిసెంబరు నెల వస్తే చాలు, నాకు ఒకే తీరు సందేశాలు రావడం మొదలవుతుంది. "డాక్టరుగారూ, ఎల్లుండి ఫుకెట్ వెళ్తున్నాము. మొదటిసారి. అమ్మా నాన్నా పిల్లలతో సహా అందరమూ. ఏ మాత్రలు వెంట తీసుకెళ్ళమంటారు?" విమానం టిక్కెట్లు మూడు నెలల క్రితమే కొన్నారు. హోటలు గది కిటికీలోంచి సముద్రం కనబడుతుందో లేదో పదిసార్లు విచారించారు. పూల చొక్కాలు, నల్ల కళ్ళజోళ్ళు కొన్నారు. వైద్యుడితో మాట్లాడడానికి మాత్రం మిగిల్చుకున్నది రెండు రోజులు. ఆ రెండు రోజుల్లోనూ అడిగినది మాత్రల పేర్లు.

ఈ ప్రశ్న ఆలస్యంగా వచ్చిందన్నది నా మొదటి ఫిర్యాదు. ఇది తప్పు ప్రశ్న అన్నది రెండవది, పెద్దది. సముద్రతీరపు సెలవులో మన కుటుంబాలకు వచ్చే పెద్ద ఆపదలు మాత్రలతో తీరేవి కావు. ఇంట్లో కూర్చుని ప్రణాళిక వేసేటప్పుడే వాటి సంగతి తేలిపోతుంది. ఆ ప్రణాళికను మనము ప్యాకేజీ అమ్మేవారికి అప్పగించి చేతులు దులుపుకుంటున్నాము. వారు అమ్మేవి గదులూ పడవలూ. మీ నాన్నగారి మూత్రపిండాలు వారి పట్టికలో ఉండవు.

అసలు 'శీతకాలపు సెలవు' అన్న మాట దగ్గరే మనము మోసపోతాము. ఫుకెట్, క్రాబి అండమాన్ సముద్రం వైపు ఉన్నాయి. అక్కడ డిసెంబరు నుంచి మార్చి దాకా ఆకాశం తేటగా, సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. అదే థాయ్‌లాండ్‌లో తూర్పువైపు ఉన్న కో సముయ్ దీవికి నవంబరు, డిసెంబరు జోరువానల కాలం. మన నెల్లూరును తడిపే ఈశాన్య ఋతుపవనమే దానినీ తడుపుతుంది. బాలి భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. మనకు సంక్రాంతి వేళ అక్కడ నడి వానకాలం. పడమటి గాలులకు కుటా తీరంలో అలలతోపాటు చెత్త కూడా కొట్టుకువస్తుంది. 'జనవరిలో బాలి చవకగా ఇస్తున్నారు' అని సంబరపడే ముందు, ఎందుకు చవక అని అడగాలి. ఏ ఒక్క ప్యాకేజీ కాగితంలోనూ ఈ వాక్యం నాకు కనబడలేదు.

ఎండ సంగతీ అంతే. ఇక్కడ స్వెట్టరు వేసుకుని విమానం ఎక్కినవారు నాలుగు గంటల్లో 30 డిగ్రీలు దాటిన ఎండలోకి దిగుతారు. ఇసుక తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో సుమారు 15 శాతాన్ని, అలల నురగ సుమారు 25 శాతాన్ని తిరిగి పైకి విసురుతాయి. గొడుగు కింద కూర్చున్నా కిరణాలు కింది నుంచి తగులుతాయి. మన చామనచాయ చర్మం కొంత కాపాడుతుంది, నిజమే. వడదెబ్బ నుంచి మాత్రం ఏ చాయా కాపాడదు.

ఇక అసలు విషయం నీరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. మనకు ఆ అంకెతో పని లేదు. కార్తీకమాసంలో ఏ పత్రిక తెరిచినా సూర్యలంక, రుషికొండ వంటి పేర్లు ఎందుకు కనబడతాయో మనకందరికీ తెలుసు. వనభోజనానికి వెళ్ళిన బృందం, మోకాలి లోతు నీళ్ళు, ఒక పెద్ద అల. తెలిసీ, ఈత రాని ఆరుగురు కుటుంబసభ్యులను స్పీడుబోటు ఎక్కించి, ఒకే రోజు మూడు దీవులు తిప్పి, నడిసముద్రంలో స్నార్కెలింగుకు దింపే ప్యాకేజీని ఆనందంగా కొంటున్నాము.

"లైఫ్ జాకెట్ ఇస్తారు కదండీ" అంటారు. ఇస్తారు. అది మిమ్మల్ని తేలుస్తుంది, అంతే. ప్రవాహం లాక్కుపోతే ఆపదు. పెద్దల కొలత జాకెట్ ఎనిమిదేళ్ళ పిల్లకు తొడిగితే, నీళ్ళలో పడగానే అది పైకి లేచి పిల్ల కిందికి జారుతుంది. నోట్లో గొట్టం పెట్టుకుని, ముక్కు మూసుకుని, ముఖం నీటిలో ఉంచి ఊపిరి పీల్చడం చేతకాక హడలిపోయిన మనిషి, జాకెట్ వేసుకుని కూడా ఉప్పునీరు మింగగలడు. ఆ విద్యను మొదటిసారి నేర్చుకోవలసిన చోటు నడిసముద్రం కాదు, నడుము లోతు ఈతకొలను.

ఒడ్డునుంచి వెనక్కి లాగే ప్రవాహాన్ని రిప్ కరెంట్ అంటారు. ఒడ్డుకు చేరిన అలల నీరు ఏదో ఒక సందు చూసుకుని తిరిగి సముద్రంలోకి పరుగెత్తడమే అది. క్రూరమైన సంగతేమిటంటే, ఆ సందులో అలలు విరగవు. అటూ ఇటూ తెల్లని నురగ, మధ్యన నున్నగా, కాస్త ముదురు రంగులో ప్రశాంతంగా కనబడే నీరు. కొత్తవారు పిల్లలను ఎత్తుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు. ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి సాయం పిలవాలి. ఈత వస్తే తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక ఒడ్డుకు రావాలి. బాలిలోని కావలి ఉన్న తీరాలలో ఎరుపు పసుపు రంగుల జెండాలు పాతుతారు. వాటి మధ్యనే దిగాలి. ఎర్రజెండా ఒక్కటే ఎగురుతుంటే దిగనే కూడదు. ఫొటోకు వెనక జెండా అడ్డుగా ఉందని పక్కకు జరిగేవారికి నేను చెప్పగలిగింది లేదు.

ఒకరు మునుగుతుంటే ఈత రాని తండ్రి దూకుతాడు, ఆయన వెనక అన్న దూకుతాడు. ఒక్క మరణం మూడవుతుంది. దూకకండి. తేలే వస్తువు ఏదైనా విసరండి: ఖాళీ నీళ్ళ డబ్బా, బంతి, మంచుపెట్టె మూత. ఒడ్డుకు తెచ్చిన మనిషిని బోర్లా వేసి, తలకిందులు చేసి, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించే మన పాత అలవాటు ప్రాణం తీస్తుంది. పోయిన ప్రతి క్షణం మెదడుకు ప్రాణవాయువు లేని క్షణం. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో శ్వాస అందించి, ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి. ఇంటికి ఒక్కరైనా ఈ విద్య నేర్చుకుని ప్రయాణం కట్టాలి. ఒక్క పూట శిక్షణ చాలు.

ఈత నేర్చుకోవడానికి రెండు నెలలు పడుతుంది. అందుకే ప్రశ్న ఆలస్యమైందన్నాను. టిక్కెట్లు కొన్న రోజునే పిల్లలను ఊళ్ళోని ఈతకొలనులో చేర్చి ఉంటే, ఈపాటికి తేలడమైనా వచ్చి ఉండేది. నేర్వలేదా, సరే, మోకాలి లోతు దాటకండి. ఆ మూడు దీవుల పడవ డబ్బు ఆదా చేసుకోండి.

ఇప్పుడొక ఒప్పుకోలు. అరవై ఒకటవ ఏట నా శ్రీమతితో అండమాన్ వెళ్ళాను. నేడు స్వరాజ్ ద్వీప్ అని పిలిచే హావ్‌లాక్ దీవిలో స్కూబా డైవింగుకు ముందు ఒక కాగితం ఇచ్చారు. ఉబ్బసం ఉన్నదా, గుండెజబ్బు ఉన్నదా, రక్తపోటుకు మందులు వాడుతున్నారా అని ప్రశ్నలు. ఉన్నట్లయితే వైద్యుని అనుమతి తేవాలట. వైద్యుణ్ణి నేనే కదా అనుకుని అన్నింటికీ 'లేదు' అని రాసి సంతకం పెట్టాను. అప్పటికి పన్నెండేళ్ళుగా రక్తపోటు మాత్రలు మింగుతున్నవాణ్ణి! నీటిలోకి దిగిన కాసేపటికే ఊపిరి ఆడలేదు. శిక్షకుడు చూసుకుని పైకి తెచ్చాడు. సాయంత్రం దాకా దగ్గాను. నా శ్రీమతి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె చేసినది న్యాయమే.

నీటి ఒత్తిడికి కాళ్ళూ చేతులలోని రక్తం ఛాతీవైపు చేరుతుంది. రక్తపోటు ఉన్నవారిలో కొందరికి అప్పుడు ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. ఈ సంగతి ముప్పై ఏళ్ళు వైద్యం చేసిన నాకు తెలుసు. తెలిసి రాసిన 'లేదు' అది. తెలియక రాసేవారి గురించి ఇక ఏమనను? ఆ కాగితంలోని ప్రశ్నలను చదివి నిజం రాయడం, అవసరమైతే డైవింగు మానుకోవడం పిరికితనం కాదు. మరొకటి: డైవింగు చేసిన రోజే విమానం ఎక్కకూడదు. శరీరంలో కరిగిన నత్రజని బయటికి పోవడానికి వ్యవధి కావాలి. ఒక్కసారి దిగినవారికి కనీసం 12 గంటలు, పలుమార్లు దిగినవారికి 18 గంటలు అంటారు. నన్నడిగితే పూర్తిగా ఒక రోజు. చివరి రోజు ఉదయం డైవింగు, సాయంత్రం విమానం అని రాసిన ప్యాకేజీని చూడగానే వెనక్కి ఇచ్చెయ్యండి.

ఇలాంటి 'లేదు' మరొకటి ఇంటి దగ్గరే రాస్తాము. ప్రయాణ బీమా పత్రంలో 'ముందే ఉన్న జబ్బులు' అన్న గడి ఉంటుంది. మధుమేహం రాస్తే రుసుము పెరుగుతుందని వదిలేస్తాము. కొన్ని వందలో వేలో మిగులుతాయి. అక్కడ నాన్నగారికి గుండెనొప్పి వచ్చి ప్రైవేటు ఆసుపత్రిలో చేరిస్తే, బీమా సంస్థ మొదట తిరగేసేది ఆ గడినే. దాచినట్లు తేలితే పైసా రాదు. అద్దె స్కూటరు నడిపే యువకులకు కూడా ఇదే మాట. అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు లేకుండా, శిరస్త్రాణం లేకుండా, మద్యం సేవించి పడితే ఏ బీమా ఆదుకోదు. ఆ పర్మిటు మన రవాణాశాఖ కార్యాలయంలోనే ఇస్తారు, బద్ధకమే అడ్డు.

పెద్దవారిని తీసుకెళ్తున్నవారు ఈ పేరా రెండుసార్లు చదవండి. నా దగ్గరకు చాలా ఏళ్ళు వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు జీవితంలో మొదటిసారి క్రాబి వెళ్ళారు. మధుమేహం వల్ల అరికాళ్ళలో స్పర్శ తగ్గిన మనిషి. మధ్యాహ్నపు ఇసుకలో మనవడి చెయ్యి పట్టుకుని వట్టి కాళ్ళతో అరగంట నడిచారు. హాయిగా ఉందన్నారట. కాలుతున్నది ఆయనకు తెలియలేదు. రాత్రి బొబ్బలు చూసినది కోడలు. సెలవు పాడవుతుందని నాలుగు రోజులు సాక్సు వేసుకుని దాచారు. ఇంటికి వచ్చి చూపించేసరికి కుడికాలి బొటనవేలు దక్కలేదు. ఫొటోలన్నిటిలోనూ ఆయన నవ్వుతూనే ఉన్నారు. స్పర్శ తగ్గిన కాలికి ఇసుకలోనూ నీటిలోనూ చెప్పు ఉండాలి, రాత్రి పడుకునే ముందు ఎవరైనా ఆ పాదాలను దీపం వెలుతురులో చూడాలి. ఇది మందుల చీటీలో రాసేది కాదు. కొడుకో కోడలో చేయవలసిన పని.

ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి, సామాను వేసే పెట్టెలో కాదు. ఎండలో వదిలితే పనిచేయదు. వేడికి ఇన్సులిన్ త్వరగా రక్తంలోకి చేరి చక్కెర పడిపోవచ్చు. మూత్రం ఎక్కువగా పోయించే రక్తపోటు మాత్రలు, కొత్తరకం చక్కెర మాత్రలు వాడేవారికి అక్కడ విరేచనాలు పట్టుకుంటే ఏ మాత్ర ఆపాలో మీ వైద్యుణ్ణి ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. కాళ్ళ రక్తనాళాల్లో గడ్డల గురించి చాలామంది అడుగుతారు. నాలుగు గంటల విమానానికి అంత భయం అక్కరలేదు.

కోతుల గురించి ఒక్కమాట. బాలిలో 2008 నుంచి రేబిస్ ఉన్నది. కోతి భుజం మీద కూర్చుంటే ఫొటో బాగుంటుంది. కరిచినా గీరినా సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. ఇంటికి వచ్చాక చూద్దాం అనడానికి వీల్లేని జబ్బు ఇది. థాయ్‌లాండ్ తీరాలలో జెల్లీఫిష్ కుట్టే చోట్ల వినెగరు సీసాలు స్తంభాలకు కట్టి ఉంచుతారు. కుట్టిన చోట కనీసం అర నిమిషం వినెగరు పోయాలి. ఇసుకతో రుద్దకూడదు, మంచినీళ్ళు పోయకూడదు.

ఇదంతా చదివి "భయపెడుతున్నారు" అనేవారున్నారు. నేను వెళ్ళవద్దనలేదు. డెబ్బై ఏళ్ళ మనిషి మొదటిసారి సముద్రంలో కాలు పెట్టి నవ్వడం చూశాను. దానికోసం ఖర్చు పెట్టడం దండగ కాదు. ఐదు రోజుల్లో పదకొండు చోట్లు చూపించే హడావుడినే నేను తప్పుపడుతున్నాను. ఒక్క తీరం ఎంచుకోండి, కావలి ఉన్నదై, ఆసుపత్రికి అరగంట దూరంలో ఉన్నదై. పొద్దున తొమ్మిది లోపల, సాయంత్రం నాలుగు తరువాత నీళ్ళలోకి దిగండి. మధ్యాహ్నం నిద్రపోండి. మద్యం తాగినవారు ఆ రోజు మళ్ళీ నీళ్ళలో దిగకూడదు, ఇందులో బేరం లేదు.

ఇక మాత్రల సంగతి, అడిగారు కనుక. రోజూ వాడే మందులు పది రోజులకు అదనంగా, అసలు పట్టీలతో, మందుల చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఒక డజను. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే. డెంగీ ఉన్న దేశంలో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జోలికి పోకండి. పగలు కుట్టే దోమలకు ఒంటికి రాసే మందు. తిరిగి వచ్చిన రెండు వారాల లోపల జ్వరం వస్తే, ఎక్కడికి వెళ్ళి వచ్చారో వైద్యుడు అడగకముందే చెప్పండి. టైఫాయిడ్ టీకా కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి. ఎల్లుండి వెళ్ళేవారికి అది ఈసారికి లేనట్లే. వచ్చే ఏడాది వెళ్ళదలచినవారు సెప్టెంబరులో రాయండి.