ఖాతా ఇస్తే చాలదు
నాచారం పొరుగున ఉప్పల్ రోడ్డుపైనున్న సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి మూడు జన్యువులను చేర్చి, బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొనే మెరుగైన సాంబమసూరిని రూపొందించాయి. అది 2008లో విడుదలైంది. నేడు ఇటువంటి జన్యువుల అన్వేషణకు వందల వరి రకాల జన్యుక్రమాలను సరిపోల్చవలసి వస్తున్నది. ఒక్కొక్క దానిలో సుమారు 39 కోట్ల క్షార జంటలు! విభాగపు కంప్యూటరు ఆ భారం మోయలేదు.

వ్యవసాయ పరిశోధన కోసం ఢిల్లీలో 2014లోనే ‘అశోక’ సూపర్ కంప్యూటరు ఏర్పడింది. ఐఐటీ హైదరాబాదులో ‘పరమ్ సేవ’ ఉన్నది. అయినా మార్గదర్శకుని సంతకంతో దరఖాస్తు చేసే ఎమ్మెస్సీ విద్యార్థికి అసలు చిక్కు ఎన్ని కోర్లు, ఎంత మెమరీ, ఎన్ని గంటలు కావాలో వ్రాయడంలోనే ఎదురవుతుంది. తక్కువ వ్రాస్తే పని మధ్యలో రద్దవుతుంది. ఎక్కువ వ్రాస్తే వరుసలో రోజులు గడుస్తాయి. రెండేళ్ల కోర్సులో ఆ రోజులు చిన్నవి కావు. కనుక లినక్స్ పాఠాన్ని, సాధనకు కొన్ని గంటల యంత్ర సమయాన్ని మొదటి సెమిస్టరులోనే ఇవ్వాలి, జన్యుక్రమ సమాచారం చేతికి వచ్చాక కాదు.