నూతిలో దీపం, ట్యాంకులో మీటరు

నుయ్యి పూడిక తీయడానికి దిగేముందు లాంతరు వెలిగించి తాడుతో కిందికి దించడం మన పల్లెల్లో పాత అలవాటు. దీపం కొండెక్కిందా, ఆ పూట ఎవరూ దిగరు. వేపమండలు కట్టి పైకీ కిందికీ ఊపి, నాలుగు బిందెల నీళ్లు గుమ్మరించి, మళ్లీ దీపం దించి చూస్తారు. ఆ జాగ్రత్తకు దండం పెట్టాల్సిందే. అయితే దీపం చెప్పేది సగమే. అది ఆరిపోయేలోపే కార్బన్ డయాక్సైడ్ మనిషిని పడగొట్టగలదు.

ఫ్యాక్టరీల్లో ఇప్పుడు ఆ లాంతరు పని నాలుగు వాయువుల మీటరు చేస్తోంది. మామూలుగా అది చూసేవి ఆక్సిజన్, మండే వాయువులు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్. డయాక్సైడ్ ఆ నాలుగింటిలో లేదు. ఆక్సిజన్ తగ్గితే మోగుతుంది కదా అంటారు. లెక్క వేయండి. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. అందులో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిస్తే ఆక్సిజన్ 19.9కి దిగుతుంది. మీటరు మోగేది 19.5 దగ్గర. అంటే నోరు మెదపదు. 4 శాతమే ప్రాణాపాయమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఏనాడో తేల్చింది. 10 శాతమైతే నిమిషాల్లో స్పృహ పోతుంది. ఇది ఊపిరాడనివ్వకపోవడమే కాదు, రక్తంలో ఆమ్లత్వాన్ని పెంచే విషం కూడా. మోనాక్సైడ్‌నీ దీన్నీ కలిపేయడంలో మేం పత్రికలవాళ్లం కూడా తక్కువ తినలేదు. 2018 జూలైలో తాడిపత్రి ఉక్కు కర్మాగారంలో ఆరుగురిని బలిగొన్నది మోనాక్సైడ్. దాన్ని మన మీటరు పట్టగలదు, డయాక్సైడ్‌ను పట్టలేదు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఇది దూరపు సంగతి కాదు. రణస్థలం మండలం బంటుపల్లిలో బీరు ఫ్యాక్టరీ ఉంది, సంకిలి చక్కెర మిల్లుకు డిస్టిలరీ ఉంది. చక్కెర పులిసినప్పుడు పుట్టే ఆల్కహాల్ ఎంత బరువో, కార్బన్ డయాక్సైడ్ కూడా దాదాపు అంతే బరువు. గాలికి ఒకటిన్నర రెట్లు బరువైన ఈ వాయువు తొట్టి అడుగునో, గుంటలోనో చడీచప్పుడు లేకుండా కూర్చుంటుంది.

వెల్డింగ్ మాటేమిటి? ఉద్దానం కుర్రాళ్లు ఆ పని నేర్చుకుని గల్ఫ్ దాకా వెళ్తున్నారు. సీవోటూ (కార్బన్ డయాక్సైడ్) వెల్డింగ్‌లో నిమిషానికి 15 లీటర్ల వాయువు సాధారణం. భోజనానికి వెళ్తూ గొట్టాన్ని ట్యాంకులోనే వదిలేశారనుకోండి. అదే వేగంతో లీకైతే గంటలో 900 లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకులో అది 9 శాతం, అడుగున ఇంకా ఎక్కువ. ఎండలోంచి వచ్చి లోపలికి దిగిన మనిషికి తల తిరిగితే వేడి వల్లేనని అనుకుంటాడు.

పడినవాడిని చూసి ఇంకొకడు దూకుతాడు. మూసిన చోట్ల చనిపోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని 1986లోనే నియోష్ చెప్పింది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ఇందుకే రాతపూర్వక ధ్రువపత్రం ఉండాలంది, లేదంటే శ్వాస పరికరం, నడుముకు తాడు, ఆ తాడు కొస పట్టుకుని బయట ఒక మనిషి ఉండాలంది. ఆ ధ్రువపత్రం గాలిని పరీక్షించాకే ఇవ్వాలనీ అంది. ఏ మీటరుతో పరీక్షించాలన్నది మాత్రం ఆ సెక్షన్‌లో లేదు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్లు పూరించాల్సిన ఖాళీ అదే: పులియబెట్టే తొట్లు, వెల్డింగ్ జరిగే ట్యాంకుల పర్మిట్ కాగితంలో ఐదో గడి ఒకటి గీయించి, ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ చూపిన కార్బన్ డయాక్సైడ్ అంకె అక్కడ రాయించాలి. ఓవర్‌హెడ్ వెల్డింగ్ నేర్పడానికి నెలలు పట్టొచ్చు. గొట్టం బయటికి లాగి, సిలిండర్ వాల్వు కట్టేశాకే అన్నానికి వెళ్లమని నేర్పడానికి అరగంట చాలు.