చుక్కకు లెక్కెంత?

మా మనవరాలు ఎనిమిదో తరగతి. మొన్న సెలవుల్లో ఫుట్‌బాల్ ఒళ్లో పెట్టుకుని, స్కెచ్‌పెన్‌తో దాని మీద గుర్తులు పెడుతూ పొద్దంతా కూర్చుంది. సాయంత్రానికి ఏడుపు మొహంతో వచ్చింది.

"తాతయ్యా, పుస్తకంలో 2 రావాలని ఉంది. నాకు మైనస్ 88 వచ్చింది."

ఆ 2 ఆయిలర్‌ది. 1750లో ఆయన పట్టుకున్న లెక్క. మూలల్లోంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే 2 రావాలి. ఫుట్‌బాల్‌లో ఐదు మూలల ముక్కలు 12, ఆరు మూలలవి 20, వెరసి 32. మూలలు 60. పిల్ల తప్పులో కాలేసింది అంచుల దగ్గర. ఏ ముక్కకా ముక్క లెక్కేసి 180 అంది. ప్రతి కుట్టూ రెండు ముక్కలకు ఉమ్మడి కదా! సగం చేస్తే 90. అరవైలోంచి తొంభై పోయి, ముప్ఫైరెండు కలిస్తే రెండు. మొహం వెలిగింది.

"మరి గారెకో?" అన్నాను. నడుమ చిల్లుంది కాబట్టి దాని పైపొరను ఎన్ని ముక్కలుగా గీసినా 0 వస్తుంది. లడ్డూకి 2, గారెకి 0. లడ్డూను నొక్కండి, సాగదీయండి, ఆ 2 మారదు. ఇలా చింపకుండా, అతకకుండా సాగదీసినా మారని సంగతుల్ని వెతికే గణితాన్ని హోమోటపీ సిద్ధాంతం అంటారు.

మా పిల్ల చేసిన తప్పులోనే అసలు సూత్రం ఉంది. వస్తువును రెండు ముక్కలు చేస్తే రెంటి లెక్కా కలిపి, ఉమ్మడి భాగాన్ని ఒకసారి తీసేయాలి. ఈ ఒక్క నియమం పాటించే లెక్కలన్నిటికీ తల్లి లాంటి లెక్క ఒకటి ఉండాలని 1957లో గ్రోతెండీక్ ఒక దారి వేశారు. జర్మన్‌లో 'తరగతి' అనే మాటలోని మొదటి అక్షరంతో దానికి 'కె' అని పేరు పెట్టారు. ఆల్జీబ్రాయిక్ కె-థియరీ అక్కణ్ణుంచే మొదలు.

1970లలో జర్మనీలోని బీలెఫెల్డ్‌లో వాల్డ్‌హౌజెన్ ఆ లెక్కను నేరుగా ఆకారాలకే కట్టారు. జవాబు ఒక్కటే రాసుకుంటే చాలదు, జవాబు చేరిన దారులు కూడా దాచుకోవాలన్నది ఇందులో కిటుకు. అదేమిటంటారా? నా రెండు చేతుల్లో రెండు లడ్డూలున్నాయి. కుడిచేతిది ఎడమకీ, ఎడమచేతిది కుడికీ మార్చాను. లెక్క రెండే. కానీ మార్పిడి జరిగింది కదా! మళ్లీ మారిస్తే మొదటికొస్తుంది. ఈ 'మారింది, మారలేదు' అనే రెండు స్థితులనూ పైఅంతస్తులో రాసుకోవాలి. ఆ మార్పిడుల మధ్య మార్పిడులు ఇంకో అంతస్తు. ఈ మేడకు పైకప్పు లేదు.

ఇప్పుడు అన్నిటికన్నా చిన్న ఆకారం తీసుకుందాం. ఒక చుక్క. ఆయిలర్ లెక్కలో దాని విలువ 1, అయిపోయింది. వాల్డ్‌హౌజెన్ మేడలో? కింది అంతస్తులో పూర్ణ సంఖ్యలన్నీ. మొదటి అంతస్తులో 2, రెండో దాంట్లో 2, మూడో దాంట్లో 48. ఆ 48లో 24 రెట్లు గోళాల నుంచి వచ్చిన వాటా. పెద్ద గోళాన్ని చిన్న గోళానికి ఎన్ని తీర్ల చుట్టవచ్చో చెప్పే సంఖ్య అది. మిగిలిన 2 రెట్లు కొత్తది.

ఆ కొత్త వాటా కోసమే ఈ తాపత్రయమంతా. చాలా కొలతలున్న నున్నటి ఆకారాన్ని తనలోకి తాను ఎన్ని విధాల మెలి తిప్పవచ్చో అది చెబుతుంది. ఈ సంబంధాన్ని వాల్డ్‌హౌజెన్ 1970ల చివర్లో ప్రకటించారు. పూర్తి రుజువు యారెన్, రోగ్నెస్‌లతో కలిసి పుస్తకంగా అచ్చయింది 2013లో! ఈలోగా ఎంతోమంది దాని మీద మేడలు కట్టేశారు. మన ఊళ్లో అయితే రిజిస్ట్రేషన్ కాని స్థలంలో ఇల్లు కట్టావేమిటని నలుగురూ తిట్టేవారు. అదృష్టం, దస్తావేజు సరిగ్గానే తేలింది.

సరే, పై అంతస్తులు లెక్కించేదెలా? సూటిగా ఎవరి వల్లా కాదు. అందుకని చుక్క మేడ పక్కన, పూర్ణ సంఖ్యల కె-థియరీ అనే ఇంకో మేడను నిలబెట్టారు. రెంటికీ తేడా ఎంతో కొలిచే కొలబద్దను బోక్‌స్టెట్, శ్యాంగ్, మాడ్సెన్ 1993లో అచ్చువేశారు. ఆ కొలత నమ్మదగిందని గుడ్‌విల్లీ, మెకార్తీ, డుండస్‌ల సిద్ధాంతాలు భరోసా ఇచ్చాయి. అంటే పక్కింటి ఎత్తు తెలిస్తే మనింటి ఎత్తు తెలిసినట్టే. ఆ పైన 48ని 16, 3గా విడగొట్టినట్టు, ఒక్కో ప్రధాన సంఖ్య వాటా విడిగా తేల్చుకోవచ్చు. ఓస్లోలో రోగ్నెస్ 2002లో 2 వాటా తేల్చారు. 2003లో 'రెగ్యులర్' ప్రధాన సంఖ్యల వాటా పట్టారు. 3, 5, 7... ఇలా 31 దాకా ఆటంకం లేదు. 37 దగ్గర బండి ఆగింది.

ఈ 37 ఎక్కడిది? ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని 1850 ప్రాంతంలో కుమ్మర్ ఒక పద్ధతిలో రుజువు చేస్తూ వచ్చారు. ఆ పద్ధతికి లొంగినవే రెగ్యులర్ సంఖ్యలు. లొంగని వాటిలో మొదటిది 37. ఆ తర్వాత 59, 67. సాగదీసే ఆకారాల లెక్కలో, నూటయాభై ఏళ్ల నాటి అంకెల చిక్కు వచ్చి గుమ్మంలో కూర్చుంది.

2019లో బ్లూమ్‌బర్గ్, మాండెల్ ఇంకొంచెం ముందుకు వెళ్లారు. బేసి ప్రధాన సంఖ్య ఏదైనా సరే, చుక్క మేడను తెలిసిన ముక్కల కింద విడగొట్టి చూపారు. కానీ ఆ ముక్కల్లో ఒకటి పక్కింటి మేడే. దాని 4, 8, 12... అంతస్తులన్నీ ఖాళీగా ఉంటాయా అన్నది వాండివర్ ఊహ అనే పాత ప్రశ్నతో సమానం. నాలుగోది ఖాళీ అని రోగ్నెస్ 2000లో చూపారు. అన్నీ ఖాళీయేనని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు.

మనవరాలికి ఇదంతా చెప్పలేదు లెండి. 37 కథ మాత్రం చెప్పాను. బంతి పక్కన పెట్టి, స్కెచ్‌పెన్‌తో కాగితం మీద ఒక చుక్క పెట్టింది.

"ఇంత చిన్నదానికా తాతయ్యా?"

ఇంత చిన్నదానికే.