సంతకం పెట్టినవాళ్లకు నోరుండకూడదా?

సైనికుణ్ణి కన్నవాళ్లు దిగులు పడకూడదని మన దగ్గర ఎప్పుడో తీర్పు వెలువడింది. ఎవరిచ్చారో తెలియదు గానీ అప్పీలు మాత్రం లేదు. కుర్రాడు నేవీకి సెలక్టయ్యాడని తెలియగానే సెంటర్లో ఫ్లెక్సీ కడతారు, బడిలో తండ్రికి శాలువా కప్పుతారు, "మీకేంటండీ, గవర్నమెంటు ఉద్యోగం, పిల్లాడు సెటిలైపోయాడు" అంటారు. అదే తండ్రి మూడు వారాలుగా ఫోన్ రాలేదని నోరు తెరిస్తే, శాలువా కప్పినవాళ్లే "దేశానికి ఇచ్చాక అలా బెంగపెట్టుకోకూడదండీ" అని సర్దిచెబుతారు. లోకజ్ఞానం ఎక్కువున్నవాళ్లు ఇంకో మెట్టెక్కుతారు. ఇలాంటి తల్లిదండ్రులు పదిమంది చేరి మాట్లాడుకుంటే ఓడల రహస్యాలు బయటికి పోతాయని వాళ్ల హెచ్చరిక. కన్నవాళ్లు గర్వపడాలి, ఫొటోకు నిలబడాలి, మిగతా వేళల్లో ఇంట్లో కూర్చోవాలి. ఇదీ తేలేది.

నేను దీన్ని ఒప్పుకోను. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో నావికుల్ని కన్నవాళ్లు ఒకరినొకరు వెతుక్కోవాలి. కలవాలి, మాట్లాడుకోవాలి. అందులో పిరికితనమూ లేదు, దేశద్రోహమూ లేదు.

ఎదుటివాళ్ల చేతిలో ఉన్న పెద్ద సాక్ష్యం మాధవరం. తాడేపల్లిగూడెం పక్కనున్న ఆ ఊరిని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ తరం వెనుక తరం సైన్యంలోకి వెళ్లిన ఊరు. యుద్ధాల్లో పోయినవాళ్లకు ఊళ్లో స్మారకం ఉంది. ఏ పంద్రాగస్టుకో టీవీవాళ్లు అక్కడికి వెళ్లి, ఒక ముసలావిడ ముందు మైకు పెట్టి, "ఇక్కడ ధైర్యం రక్తంలోనే ఉంది" అని తేల్చి వచ్చేస్తారు. చూశారా, మాధవరం తల్లులు ఏడుస్తున్నారా, మీరెందుకు ఏడుస్తారు అని మిగతా ఊళ్లకు పాఠం.

ఆ ఊరిని నేను ఇంకోలా చదువుతాను. అక్కడ ఫోన్ రాని తల్లి నాలుగిళ్లు దాటక్కర్లేదు. ఒక అరుగు మీద రిటైరైన సుబేదారు ఉంటాడు. పోస్టింగ్ మారితే మొదటి జీతం ఎందుకు ఆలస్యమవుతుందో, సెలవు ఎందుకు రద్దవుతుందో, రికార్డు ఆఫీసుకు ఉత్తరం ఎలా రాయాలో ఆయనకు తెలుసు. ఇంకో అరుగు మీద ఇలాగే ఎదురుచూసి జుట్టు నెరిసిన అత్తగారుంటారు. బండెక్కేముందు కుర్రాళ్లు దండం పెట్టుకునే పోలేరమ్మ గుడి ఉంది. అక్కడ ఎవరు ఎవరి కోసం మొక్కుతున్నారో ఊరికంతా తెలుసు. ఇంతమంది మధ్య భయపడిన మనిషికి భయం సగమవుతుంది. వందేళ్లుగా పోగైన ఎరుక అది. దాన్ని రక్తానికి కట్టబెట్టడం తేలిక, ఎందుకంటే రక్తమని అంటే ఇతర ఊళ్లలో ఎవరూ ఏమీ ఏర్పాటు చేయనక్కర్లేదు. నన్నడిగితే ఆ ఊరు కన్నవాళ్ల సంఘం, పేరూ రిజిస్ట్రేషనూ లేకుండా నడుస్తోంది.

ఇప్పుడు కైకలూరు వైపు, కొల్లేటి లంకల్లోకి రండి. ఊరికి ఒక్క కుర్రాడు నేవీలో ఉంటాడు, ఉంటే. అమ్మానాన్నా నీళ్లలో పుట్టిపెరిగినవాళ్లే. తాటిదోనె మీద వలకు వెళ్లినవాళ్లు, ఇప్పుడు చెరువుల మీద కూలికో కౌలుకో ఉన్నవాళ్లు. "మాకు నీళ్లు కొత్తా" అని పైకి అంటారు. కానీ కొల్లేట్లో గెడ వేస్తే నేల తగులుతుంది. ఆ నీరు ఉప్పుటేరు పట్టుకుని సముద్రంలో కలిశాక సంగతి ఈ ఇంటికి ఏమీ తెలియదు. చిల్కా ఎక్కడో తెలియదు. నిజానికి మన ఏలూరు, గూడెం స్టేషన్ల మీదుగా హౌరా వెళ్లే లైనులోనే, ఖుర్దా రోడ్డుకు ఇవతల, కొల్లేరు లాంటి మరో పెద్ద సరస్సు ఒడ్డున ఉంది ఐఎన్‌ఎస్ చిల్కా. నావికుల తొలి శిక్షణంతా అక్కడే. శిక్షణలో ఉన్న కుర్రాడి చేతికి ఫోన్ ఎప్పుడంటే అప్పుడు రాదు. అది తెలియని తల్లి కొడుక్కి ఏదో అయిందనుకుంటుంది, లేదా కొడుకు మారిపోయాడనుకుంటుంది. రెండోదే ఎక్కువ బాధ.

శిక్షణ అయ్యాక "సెయిలింగ్‌లో ఉన్నాను" అనే మాట మొదలవుతుంది. సెయిలింగ్‌కు వెళ్తే ఫోన్ మూగబోతుందని, హార్బర్‌కు వస్తే మోగుతుందని ఎవరైనా చెప్పాలి కదా. ఓడ పేరు రాసి ఫ్లీట్ మెయిల్ ఆఫీసు ద్వారా పంపితే ఉత్తరం చేరుతుందని చెప్పాలి. ప్రతి నావికుడి బాగోగులు చూడ్డానికి డివిజనల్ ఆఫీసర్ అనే ఆయన ఉంటాడని, నిజంగా కష్టమొస్తే ఆయన్ని చేరుకోవచ్చని చెప్పాలి. నావికుల రికార్డులు ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయని చెప్పాలి. మాధవరం అరుగు మీద సుబేదారుకు సైన్యం సంగతులు తెలుసు గానీ ఇవి తెలియవు. లంకలో పక్కింటాయనకు చేప మేత ధర తప్ప ఏదీ తెలియదు. ఇవి రహస్యాలా? కావు. ఎవరూ చెప్పకపోవడం వల్ల రహస్యాలయ్యాయి.

డబ్బు దగ్గరికొస్తే ఈ మౌనం ఇంకా చేటు చేస్తోంది. 2022 జూన్‌లో నాలుగేళ్ల కొలువు పథకం అగ్నిపథ్ వచ్చింది. మొదటి ఏడాది నెల జీతం 30,000 అని ఊరంతా విన్నది. అందులో 30 శాతం సేవా నిధికి జమవుతుంది, చేతికొచ్చేది 21,000. ఈ లెక్క తెలియని ఇంట్లో ఏమనుకుంటారు? నెలకు తొమ్మిది వేలు వీడేం చేస్తున్నాడని. పంతొమ్మిదేళ్ల కుర్రాడి మీద ఇంట్లోనే అనుమానం. ఇలాంటి కొడుకే ఉన్న ఇంకో తండ్రి టీ కొట్టు దగ్గర ఐదు నిమిషాల్లో తేల్చేసే విషయం ఇది. ఆ ఇంకో తండ్రి ఎక్కడున్నాడో ఈయనకు తెలియదు.

"కన్నవాళ్లకు ఇందులో పాత్ర లేదు" అనేవాళ్లు అగ్నిపథ్ నిబంధనలే చదవాలి. పదిహేడున్నర ఏళ్లకే చేరవచ్చు. పద్దెనిమిది నిండనివాడి దరఖాస్తు మీద తల్లో తండ్రో సంరక్షకుడో సంతకం పెట్టాలి. పెళ్లికానివాళ్లనే తీసుకుంటారు. అంటే చేరేనాటికి ఆ కుర్రాడికి ప్రభుత్వం దృష్టిలో ఉన్న ఇల్లు అమ్మానాన్నల ఇల్లే. నావికుల భార్యల కోసం మొదలైన సంఘం ఉంది, ఎన్‌డబ్ల్యూడబ్ల్యూఏ. ఓడ వెళ్లిపోయాక క్వార్టర్స్‌లో మిగిలిన ఇల్లాలికి అది తోడు. మాజీ సైనికులకు, వీరుల భార్యలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి. మంచిదే. మరి పెళ్లికాని నావికుడి తల్లి ఎవరి గుమ్మం తొక్కాలి? 2023 మార్చి 28న చిల్కాలో తొలి నేవీ అగ్నివీరుల పాసింగ్ అవుట్ పరేడ్ జరిగింది. 2,585 మంది, అందులో 272 మంది అమ్మాయిలు. ఇలాంటి పరేడ్‌లకు కన్నవాళ్లను పిలుస్తారు, కూర్చోబెడతారు, గౌరవిస్తారు. అక్కడి నుంచి ఇంటికొచ్చాక వాళ్లెవరో ఎవరికీ పట్టదు. సంతకానికి పనికొచ్చారు, ఫొటోకు పనికొచ్చారు, ప్రశ్నకు మాత్రం పనికిరారు.

ఇక రహస్యాల వాదం. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే ఇది మన రాష్ట్రంలోనే పుట్టిన భయం. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్ 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' పేరుతో కూపీ లాగితే, రహస్య సమాచారం చేరవేశారని ఏడుగురు నావికులు అరెస్టయ్యారు. కేసు ఎన్‌ఐఏకు వెళ్లింది. ఆ నెలాఖరుకే నేవీ తన స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. నిషేధం సబబే. కానీ సమాచారం ఎలా పోయిందన్నారు? దొంగ పేర్లతో పరిచయం పెంచుకున్న ఆడగొంతుల ద్వారా. కైకలూరులో ఇద్దరు తల్లులు బస్టాండులో మాట్లాడుకున్నందువల్ల కాదు. ఇంటికి దూరంగా, పలకరించే దిక్కులేక ఉన్న కుర్రాడే అలాంటి వలకు తేలిగ్గా చిక్కుతాడు. నిజంగా రహస్యాల మీద అంత ప్రేమ ఉంటే ముందు ఆ ఒంటరితనం సంగతి చూడాలి.

ఇంకొకటి. ఏం చెప్పకూడదో కన్నవాళ్లకంటే ఎక్కువ ఎవరికి పడుతుంది? ఓడ ఎప్పుడు కదులుతుంది, ఎటు వెళ్తోంది, ఏ రేవులో ఆగింది అన్నవి నోటి వెంట రాకూడదని ఒక తల్లి ఇంకో తల్లికి చెబితే అది శాసనం. "మావాడు ఎక్కడున్నాడో తెలుసా" అని గొప్పగా ఫొటో చూపించేవాడి చేతిలోంచి ఫోన్ లాక్కునేది కూడా అలాంటి కొడుకున్న ఇంకో తండ్రే. విడివిడిగా ఉన్నప్పుడు ఈ కట్టుబాటు నేర్పేవాళ్లే లేరు.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ రాత్రులు గుర్తున్నాయా? నౌకాదళం కరాచీ రేవు మీద దాడి చేసిందని మే 8 రాత్రి ఛానళ్లు ఊగిపోయాయి. అలాంటిదేమీ జరగలేదు. కొడుకు ఓడ మీద ఉన్న ఇంట్లో ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో ఊహించండి. రహస్యం పేరుతో తల్లిదండ్రుల నోళ్లు మూయించే పెద్దమనుషుల్లో ఎంతమంది ఆ రాత్రి స్టూడియోల నోళ్ల గురించి మాట్లాడారు?

కలిస్తే భయం అంటుకుంటుందని, ఒకరి ఏడుపు పదిమందిని ఏడిపిస్తుందని చివరి అభ్యంతరం. ఇందులో కొంత నిజముంది. 2013 ఆగస్టు 14న ముంబయి డాక్‌యార్డులో సింధురక్షక్ జలాంతర్గామి పేలిపోయి 18 మంది పోయారు. వాళ్లలో విశాఖ కుర్రాళ్లూ ఉన్నారు. ఒక్కో దేహం ఎవరిదో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. అలాంటి వార్త వచ్చిన రోజున నావికుల తల్లిదండ్రులున్న ప్రతిచోటా గుండెలు జారతాయి. అయితే ఆ రోజు ఒక్కరే టీవీ ముందు కూర్చోవడం మేలా? మావాడి ఓడ వేరని, ఇవాళ మాట్లాడాడని, నీ వాడిదీ వేరే రేవని చెప్పగలిగే మనిషి పక్కన ఉండడం మేలా? ఈ మాట అడిగితే జవాబు రాదు.

తండ్రుల సంగతి ఇంకా కష్టం. అమ్మలైనా గుళ్లో, డ్వాక్రా మీటింగులో నోరు విప్పుతారు. ఆయన తెల్లవారుజామున నాలుగింటికి ఏరేటర్లు చూసే మిషతో చెరువు గట్టు మీదకు పోతాడు. "ఏం లేదు, నిద్ర పట్టట్లేదు" అంటాడు. బీపీ మాత్ర వేసుకుంటాడు. మన ఊళ్లలో మగాడి దిగులుకు దొరికే వైద్యం అంతవరకే.

పెద్ద పరీక్ష ముందుంది. 2022 చివర్లో చేరిన మొదటి జట్టుకు నాలుగేళ్లు 2026 చివరికి నిండుతాయి. నిబంధనల ప్రకారం పావు వంతు మందిని మించి కొనసాగించరు. మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవా నిధితో ఇంటికొస్తారు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, అందుకే సైనిక సంక్షేమ కార్యాలయంలో పాత దారులు వీళ్లకు తెరుచుకోవు. ఇంటికొచ్చిన ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి "తీసేశారట" అని ఊరంటుంది. నాలుగేళ్ల కింద ఫ్లెక్సీ కట్టింది ఆ ఊరే. ఆ డబ్బుతో చెరువు కౌలుకు తీసుకుందామని ఒక మేనమామ, చదివిద్దామని తల్లి, అప్పు తీర్చేద్దామని తండ్రి. సేవా నిధికి ఆదాయపన్ను లేదన్న సంగతి దగ్గర్నుంచి కొనసాగింపుకు దరఖాస్తు దాకా ఒక్కో ఇల్లు ఒక్కో అబద్ధం విని నిర్ణయం తీసుకుంటుంది, కలవకపోతే.

అడుగుతున్నది పెద్దదేమీ కాదు. ఏలూరులో ఒక గది, నెలకు ఒక ఆదివారం. రిటైరైన చీఫ్ పెట్టీ ఆఫీసర్లు మన జిల్లాల్లో ఉన్నారు, పిలిస్తే వస్తారు. చిల్కాలో పరేడ్ రోజున కన్నవాళ్ల చేతికి తెలుగులో ఒక కాగితం: ఉత్తరం ఏ చిరునామాకు, కష్టమొస్తే ఎవరికి, జీతంలో ఏది ఎందుకు కోత, ఏం మాట్లాడకూడదు. గది ఇవ్వడానికి సైనిక సంక్షేమ శాఖకు, కాగితం అచ్చు వేయడానికి నేవీకి ఉన్న అడ్డంకి ఏమిటో ఎవరైనా చెబితే వింటాను. వాళ్లు ఇవ్వకపోతే కైకలూరు బస్టాండు దగ్గర టీ కొట్టయినా చాలు, మొదటి ఆదివారానికి ముగ్గురొస్తే.