రొయ్యకు పరీక్ష సరే, కూలీ చేతులకో?

1884లో ఇల్యా మెచ్నికాఫ్ డాఫ్నియా అనే చిన్న నీటి జీవి ఒంట్లో ఒక ఈస్ట్‌ను, దాన్ని మింగేస్తున్న రక్తకణాలను చూశాడు. రోగనిరోధక శాస్త్రానికి అదొక పునాది. 1908లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయన పేరే పెట్టుకున్న ఆ ఈస్ట్ (మెచ్నికోవియా బైకస్పిడాటా) ఇప్పుడు పెంపకం చెరువుల శత్రువు. 2000ల మొదట్లో తైవాన్‌లో నీలకంఠ రొయ్యలను చంపింది. తర్వాత చైనా పీతల చెరువుల్లో 'పాల వ్యాధి' తెచ్చింది. పీత రక్తం పాలలా తెల్లబడిపోతుంది. రొయ్య కండ తెల్లబడితే వైరస్ అని పొరబడటం సులువు, మైక్రోస్కోపు కింద పెడితే గానీ తేలదు. ఈలోగా రైతు దుకాణదారు మాట విని యాంటీబయాటిక్ పోస్తాడు. అది బ్యాక్టీరియా మందు, ఈస్ట్‌ను ముట్టదు.

ఈ శాస్త్రం కావాలి. నా తగువు దాని చూపు ఎక్కడ ఆగుతోందన్న దాని మీద.

రోజంతా నీళ్లలో నానే చేతుల వేళ్ల సందుల్లోనూ ఈస్టే పుండ్లు పెడుతుంది. కాండిడా అంటారు. వైద్య పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్న జబ్బే. రొయ్యలు ఒలిచేవాళ్లకు, చెరువులో దిగి వలలాగేవాళ్లకు అది ఉందా అని మత్స్యశాస్త్ర సర్వే అడగదు. రొయ్య బరువు, నీటి ఉప్పదనం, మేత ఖర్చు రాసుకుని వెళ్తుంది. ఆ నీళ్లలో దిగేదెవరో ఆంధ్ర తీరంలో ఎవరినడిగినా చెబుతారు.

నేను పోర్ట్ బ్లెయిర్ మాదిగ ఇంట్లో పుట్టాను. (2024లో ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. జంగ్లీఘాట్‌లో ఆ పేరు నా చెవిన పడలేదు.) శ్రీకాకుళం, విశాఖ తీరాల జాలర్ల వెనకే కూలికి వచ్చిన కుటుంబం మాది. ఈ దీవులకు ఎస్సీ జాబితానే లేదు. 2011 జనగణనలో ఇక్కడి ఎస్సీల సంఖ్య సున్నా. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు, ఒక రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లిన చోట చెల్లదని తేల్చింది. కాబట్టి కాగితం మీద మా నాన్నకు కులం లేదు. కులం పని మాత్రం ఉంది.

ఇప్పుడు ఇక్కడ బ్లూ ఎకానమీ మాట జోరుగా ఉంది. చెరువులు పెరిగితే జబ్బులూ పెరుగుతాయి, ల్యాబులూ వస్తాయి, రావాలి కూడా. ఆ చెరువులు ఎవరి పేరున ఉంటాయి, బురదలో ఎవరుంటారు? కులం లెక్క లేనిచోట ఈ ప్రశ్న అడిగితే 'ఇక్కడ కులం లేదు, మినీ ఇండియా' అంటారు. లెక్కపెట్టకపోవడాన్నే సమానత్వంగా అమ్ముతున్నారు.

వచ్చే జనగణనలో కులం లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. జంగ్లీఘాట్ గడపల్లో మాల, మాదిగ అని చెబితే అలాగే రాయాలి, ఆ అంకెలు దీవుల వారీగా బయటపెట్టాలి. ఫిషరీస్ కాలేజీల్లో ఉన్న మన పిల్లలు అప్పటిదాకా ఆగనక్కర్లేదు. తర్వాతి చెరువు సర్వే ఫారంలో రెండు గళ్లు కలపండి: నీళ్లలో దిగేవాళ్ల చేతులెలా ఉన్నాయి, వాళ్ల కులమేంటి. గైడ్ కొట్టేస్తే, ఎందుకు కొట్టేశారో రాతపూర్వకంగా అడగండి.